గిండీ కాలేజీకి ఒక అమ్మాయి దరఖాస్తు

వెబ్ ఆప్షన్లు పెట్టుకున్న రాత్రి మనలో ఎవరం మర్చిపోతాం? ఏ కాలేజీ పైన పెట్టాలి, సీఎస్ఈనా ఈసీఈనా, ఈ ర్యాంకుకి కన్వీనర్ సీటు వస్తుందా రాదా అని ఇంటిల్లిపాదీ ఒకటే గోల. ఫారంలో ఆడా మగా అని అడిగిన చోట మాత్రం ఎవరం ఒక్క సెకను కూడా ఆగి ఉండం. సరిగ్గా ఆ చోటే ఆగిపోవాల్సి వచ్చిన ఒక తెలుగమ్మాయి కథ ఇది. ఆమె పేరు అయ్యలసోమయాజుల లలిత. మన దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీర్.

లలిత గారు 1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఏడుగురు పిల్లల్లో ఈమె ఐదో ఆవిడ. ఆ ఇంట్లో మగపిల్లలు ఇంజనీరింగ్ వైపు వెళ్లారు. ఆడపిల్లలకి కాస్త చదువు చెప్పించి పెళ్లి చేసేశారు. అప్పట్లో చాలా ఇళ్లలో అంతే. లలిత గారికి 1934లో, పదిహేనేళ్లకే పెళ్లయింది. అయినా తండ్రి పట్టుబట్టి పదో తరగతి దాకా చదివించారు. 1937లో పాప పుట్టింది. పాపకి నాలుగు నెలలు వచ్చేసరికి భర్త చనిపోయారు. అప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్లు. అంటే మనలో చాలామంది ఫస్టియర్‌లో చేరిన వయసు.

ఆ రోజుల్లో వితంతువు అంటే ఏమిటో మన నానమ్మల దగ్గర విని ఉంటాం. శుభకార్యాలకి రాకూడదు, ఎదురు పడకూడదు, ఓ మూల గదిలో బతుకు వెళ్లదీయాలి. లలిత గారు దానికి ఒప్పుకోలేదు. పాపని తీసుకుని పుట్టింటికి వచ్చి మళ్లీ పుస్తకం పట్టారు. మద్రాసు క్వీన్ మేరీస్ కాలేజీలో చేరి ఇంటర్మీడియట్ ఫస్ట్ క్లాసులో పాసయ్యారు.

తర్వాత ఏం చదవాలి? పై చదువులకి వెళ్లే ఆడపిల్లలకి అప్పటికే తెలిసిన దారి డాక్టరీ. కానీ డాక్టరంటే అర్ధరాత్రి కబురొచ్చినా వెళ్లాలి. ఇంట్లో చంటిపిల్ల ఉంది, తండ్రి లేని పిల్ల. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే ఉద్యోగమైతే పిల్లని దగ్గరుండి పెంచుకోవచ్చు. చుట్టూ చూస్తే నాన్న ఇంజనీరు, అన్నదమ్ములు ఇంజనీర్లు. అందుకే ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ఎంచుకున్నారు. ప్యాకేజీలు చూసి బ్రాంచి ఎంచుకునే మనకి ఇది కొంచెం కొత్తగా అనిపిస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే గిండీలో అప్పటిదాకా ఒక్క అమ్మాయీ చదవలేదు. 1794లో సర్వే స్కూలుగా మొదలైన సంస్థ అది. దాదాపు నూటయాభై ఏళ్ల చరిత్ర ఉన్న ప్రభుత్వ కాలేజీ. అందులో అమ్మాయి సీటు అడగడం అనేదే జరగలేదు. సుబ్బారావు గారు ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారితో మాట్లాడారు. విషయం విద్యాశాఖ డైరెక్టర్ ఆర్.ఎం. స్టాథమ్ దాకా వెళ్లింది. ఇద్దరూ సరేనన్నారు. 1940లో లలిత గారికి సీటు వచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఆమెకి మార్కులున్నాయి, ఫస్ట్ క్లాసు ఉంది. అయినా తలుపు తెరుచుకోవడానికి ఆ కాలేజీలోనే ప్రొఫెసరైన నాన్న కావాల్సి వచ్చింది. అలాంటి నాన్న లేని అమ్మాయిల సంగతేంటి? వాళ్లకి అసలు దరఖాస్తు పెట్టొచ్చన్న ఊహే వచ్చి ఉండదు.

కాలేజీలో వందలమంది అబ్బాయిల మధ్య ఒక్కతే అమ్మాయి. వాళ్లు ఆమెని ఇబ్బంది పెట్టలేదట. ఇబ్బంది పెట్టింది ఒంటరితనం. హాస్టల్లో మాట్లాడటానికి తోడు లేదు. పాప అన్నగారింట్లో పెరుగుతోంది, వారం చివర్లో వెళ్లి చూసి రావాలి. ఇది గమనించి సుబ్బారావు గారు అధికారుల్ని ఒప్పించి, ఆడపిల్లలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చని కాలేజీ చేత ప్రకటన ఇప్పించారు. దాంతో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. ఈ కథలో నాకు బాగా నచ్చేది ఈ ప్రకటనే. ఒక అమ్మాయికి ఇచ్చిన మినహాయింపు అందరికీ తెరిచిన అవకాశం అయింది. ఆ త్రేసియా గారే తర్వాత కేరళ ప్రజాపనుల శాఖకి చీఫ్ ఇంజనీర్ అయ్యారు.

యుద్ధం రోజులు కాబట్టి కోర్సుని కొన్ని నెలలు కుదించారు. అలా ఏడాది జూనియర్లయిన ఆ ఇద్దరూ 1943లో లలిత గారితో పాటే చదువు ముగించారు. తీరా పట్టాలు చూస్తే వాటి మీద అచ్చులో అతడు అనే ఉంది! దాన్ని కొట్టేసి, పైన ఆమె అని చేత్తో రాసి ఇచ్చారు.

ఆ తర్వాత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో శిక్షణ, సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఉద్యోగం. కొన్నాళ్లు మద్రాసులో నాన్నగారి పరిశోధనల్లో సాయం. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్ చూశారు. భాక్రానంగల్ ప్రాజెక్టు పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే వెళ్లొచ్చారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అనుకున్నట్టే ఉద్యోగం చేస్తూ కూతుర్ని పెంచి పెద్దచేశారు. 1979లో, అరవై ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మన ఈఈఈ మెషీన్స్ ల్యాబ్‌లో అమ్మాయిలు మోటార్ స్టార్టర్ తిప్పుతుంటే ఎవరూ తలెత్తి చూడరు. అంత మామూలు విషయం అయిపోయింది. అది మామూలు అవడానికి ముందు ఒకావిడ చంటిపిల్లని ఇంట్లో వదిలి, ఎవరూ వెళ్లని కాలేజీకి దరఖాస్తు పెట్టింది. వచ్చే కౌన్సెలింగ్‌కి మీ ఇంట్లో చెల్లెలో, పక్కింటి అమ్మాయో కోర్ బ్రాంచి తీసుకోవాలా వద్దా అని తటపటాయిస్తుంటే, ఈ కథ ఒకసారి చెప్పండి.