పురుషోత్తమ చౌదరిగారి వంశావళి



మత్తయి సువార్త వంశావళితో ఆరంభమగుచున్నది. మనలో చాలమంది ఆ పేర్లన్నిటిని దాటి పదునెనిమిదవ వచనము దగ్గర చదువుట మొదలుపెట్టుదురు. నేనును అట్లే చేయుచుంటిని. కాని ఒక ఇంటివారు ఎక్కడనుండి వచ్చిరి, ఎవరి తరువాత ఎవరు అను సంగతి అల్పమైనది కాదు. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల సంఘములలో ఎవరి కీర్తనలు నేటికిని పాడుకొనుచున్నామో, ఆ పురుషోత్తమ చౌదరిగారి వంశమును గూర్చి నాలుగు మాటలు ఈ శతవార్షిక సంచికలో వ్రాయ సాహసించితిని.

చౌదరి అనగానే మనవారు కొందరు కృష్ణా, గుంటూరు జిల్లాల వారని తలంచుదురు. అది పొరపాటు. వంగదేశమున చౌదరి అనునది భూమిశిస్తు వ్యవహారములు చూచు పెద్దలకు వచ్చిన బిరుదు. కాలక్రమమున అదే ఇంటిపేరైనది. పర్లాకిమిడి ప్రాంతమున స్థిరపడిన అట్టి వంగ బ్రాహ్మణ కుటుంబములో ఆయన 1803 సెప్టెంబరు 5న జన్మించిరి. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్ర.

ఈ పేర్లను కొంచెము నిదానించి చూడుడి. కూర్మనాథుడు శ్రీకాకుళము దగ్గర శ్రీకూర్మములో వెలసిన దేవుని పేరు. సుభద్ర, పురుషోత్తముడు అనునవి పూరీ క్షేత్రపు పేర్లు. బిరుదు వంగదేశముది, బిడ్డలకు పెట్టుకొన్న పేర్లు కళింగదేశపు గుళ్లవి. వలస వచ్చిన కుటుంబము కొత్త సీమలో ఎట్లు వేరూనినదో వేరే సాక్ష్యము అక్కరలేకయే ఈ పేర్లు చెప్పుచున్నవి.

ఆ కాలమున పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండెడిది. అక్కడ ఒక వీధిలో తెలుగు, ప్రక్క వీధిలో ఒడియా వినబడుచుండెను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ పట్టణము అటు పోయినది, జమీందారీలో కొంత భాగము ఇటు మిగిలినది. అందుచేత ఆయన మావాడని ఇరువైపులవారును చెప్పుకొనవచ్చును. ఆయనకు ఒడియా, తెలుగు, సంస్కృతము మూడును అలవడెను.

ఆయనకు రెండేండ్ల వయసున, అనగా 1805లో, లండను మిషనుకు చెందిన జార్జి క్రాన్, అగస్టస్ డేగ్రాంజి దొరలు విశాఖపట్టణము వచ్చిరి. వారిద్దరును అయిదేండ్లు నిండకమునుపే మరణించిరి. వారు మొదలుపెట్టిన పని ఆగలేదు. ప్రిచ్చెట్ దొర తెలుగు చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసున అచ్చయినది. చౌదరిగారు యౌవనమునకు వచ్చునాటికి తెలుగు చదువ నేర్చినవానికి కొత్త నిబంధన అచ్చులో దొరకుచుండెను. పాత నిబంధనతో కూడిన పూర్తి బైబిలు ఇంకను రాలేదు. ఆయన సత్యమును విచారించి, 1833 అక్టోబరులో, ముప్పదియేండ్లు నిండిన తరువాత బాప్తిస్మము పొందిరి.

ఆ అడుగు ఎంత ఖరీదైనదో నేటివారికి తెలియుట కష్టము. ఆనాటి ధర్మశాస్త్రము ప్రకారము కులము విడిచినవానికి పిత్రార్జితములో పాలు లేదు. ఇట్లు మతము మారినవాని ఆస్తిహక్కు పోరాదని కంపెనీ ప్రభుత్వము 21వ చట్టము చేసినది 1850లో. అనగా చౌదరిగారు అడుగు వేసిన పదునేడేండ్లకు గాని చట్టము రాలేదు. ఆస్తి ఒక్కటే కాదు. కులభ్రష్టుడైనవానికి బ్రతికియుండగనే కుండ పగులగొట్టి ఘటశ్రాద్ధము పెట్టు ఆచారము ఆ కాలమున ఉండెను. వంశావళిలోనుండి పేరు కొట్టివేయుట అనగా ఇదియే. ఇది అంతయు ఎరిగిన ఇంట పుట్టినవాడే ఆయన, ఎరిగియే దిగిరి. అబ్రాహాము కూడ తన బంధువులను, తండ్రి ఇంటిని విడిచియే కదా బయలుదేరెను.

తరువాత ఆయన బోధకులుగా మన సీమలోను, ఒడిశా వైపునను తిరిగి సువార్త చెప్పిరి. నూటికి పైగా కీర్తనలు రచించిరి. అవి దొరల రాగములకు కట్టినవి కావు. పల్లవి, చరణములతో, మన దేశపు రాగతాళములతో కట్టినవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో వాటికి పెద్ద స్థానమున్నది. తొలి తరముల విశ్వాసులలో అక్షరములు వచ్చినవారు కొద్దిమందియే. చదువలేనివారికి ఆ పాటలే బైబిలు, ఆ పాటలే బడి.

టెక్కలి దగ్గర పల్లెలో పుట్టిన మా నాయనమ్మకు వ్రాలు చేయుట రాదు. ఆమె తాతగారి పేరేమని అడిగితే తెలియదనెను. వ్రాసి ఉంచినవారు ఎవరు? మావంటి పేటలవారికి వంశావళి వ్రాయు భట్రాజులెవరును రాలేదు. కాని చౌదరిగారి కీర్తనలు ఆమెకు అన్ని చరణములును నోటికి వచ్చును. పొయ్యి దగ్గర పాడుచుండగా మా నాన్న నేర్చెను, నాన్న పాడగా నేను నేర్చితిని. ఒక వంశమునుండి తొలగింపబడిన పెద్ద ఈ విధముగా మా ఇంటి వంశములో చేరెనని నేను తలంచుచుందును.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. చౌదరిగారి జీవితము చెప్పునప్పుడెల్ల మనము మొదట చెప్పునది ఆయన బ్రాహ్మణుడని. పైన నేనును చెప్పితిని. ఆయన ఏమి విడిచిరో తెలియుటకు అది చెప్పవలసినదే. అయితే మనము చెప్పునప్పటి స్వరములో కొంత అతిశయము వినబడును. ఆయన కులాచార పరీక్ష అను పుస్తకము వ్రాసిన మనిషి. ఆయన కష్టపడి దింపుకొన్న మూటను మనము తిరిగి ఆయన తలకెత్తుట న్యాయమా? పెండ్లి సంబంధములు చూచునప్పుడు, సంఘపు ఎన్నికలలో నిలుచునప్పుడు ఫలానావారి మనుమలమని మనము చెప్పుకొను మాటలను కూడ ఆ పరీక్షకు పెట్టుకొందము. మత్తయి వ్రాసిన వంశావళిలో రాహాబు ఉన్నది, మోయాబీయురాలైన రూతు ఉన్నది. వారిని దాచి ఆయన వ్రాయలేదు.

1890 ఆగస్టు 24న, తన 87వ ఏట, చౌదరిగారు ప్రభువునందు నిద్రించిరి.

మన గుళ్లలోని బాప్తిస్మపు రిజిస్టర్లే చాల కుటుంబములకు మొదటి వంశావళి. చెదలు పట్టకమునుపు వాటిని తెరచి చూడుడి. అందులో మీ తాత ముత్తాతల పేర్లుండును. వారి ప్రక్కన తండ్రి పేరు మాత్రమే వ్రాసి తల్లి పేరు విడిచినచోట, పెద్దలు బ్రతికియుండగనే అడిగి మీ ఇంటి బైబిలు మొదటి పుటలో వ్రాసికొనుడి. ఆ పేర్ల క్రింద, వారు మీకు నేర్పిన పాట ఏదియో అదియు వ్రాయుడి.