అరపెన్నీ నాణేలతో మొదలుపెట్టిన మహానుభావుడు – మైకేల్ ఫారడే

ఈ సంచికలో పిల్లలకు ఒక శాస్త్రవేత్త కథ చెప్పాలనుకున్నప్పుడు మాకు ముందుగా తోచిన పేరు మైకేల్ ఫారడే. 1991 నుంచి 2001 దాకా ఇంగ్లండులో చెలామణీ అయిన ఇరవై పౌండ్ల నోటు మీద బొమ్మ ఆయనదే. ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చిన మన పెద్దలు ఆ నోట్లు లెక్కపెట్టుకుని ఇంటికి డబ్బు పంపినవారే. నోటు మీది పెద్దమనిషి ఎవరో తెలుసుకునే తీరిక అప్పుడు మనకెక్కడిది? ఇప్పుడు పిల్లలతో కలిసి తెలుసుకుందాం.

ఫారడే 1791 సెప్టెంబరు 22న, నేడు దక్షిణ లండన్‌లో భాగమైన న్యూయింగ్టన్‌లో పుట్టారు. తండ్రి జేమ్స్ కమ్మరి. బతుకుతెరువు వెతుక్కుంటూ ఉత్తర ఇంగ్లండు నుంచి లండన్ చేరిన కుటుంబం వారిది. తండ్రికి తరచూ జబ్బు చేసేది. ఒక దశలో చిన్న మైకేల్‌కు వారమంతటికీ ఒకే ఒక రొట్టె దొరికేదట. చదవడం, రాయడం, కాసిని లెక్కలు వచ్చేసరికి బడి చదువు ముగిసిపోయింది.

1804లో జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనిలో చేరాడు. ముందు వార్తాపత్రికలు ఇంటింటికీ చేరవేసేవాడు. మరుసటి ఏడు నుంచి బైండింగు పని నేర్చుకున్నాడు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను కుట్టి ఊరుకోకుండా చదివేవాడు. జేన్ మార్సెట్ అనే ఆవిడ రాసిన రసాయనశాస్త్ర పుస్తకం, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించిన వ్యాసం అతని కళ్ళు తెరిపించాయి.

చదివినది నిజమో కాదో తానే చేసి చూడాలి! అది ఆ కుర్రవాడి పట్టుదల. 1812లో ఏడు అరపెన్నీ రాగి నాణేలు, ఏడు జింకు బిళ్ళలు, వాటి మధ్య ఉప్పునీళ్ళలో తడిపిన ఆరు కాగితం ముక్కలు పేర్చి బ్యాటరీ తయారుచేశాడు. అంతకు పన్నెండేళ్ళ క్రితమే ఇటలీలో వోల్టా లోకానికి చూపిన పద్ధతి అది. ఆ బుల్లి బ్యాటరీతోనే మెగ్నీషియం సల్ఫేటు ద్రావణాన్ని విడగొట్టాడు.

అదే ఏడాది దుకాణానికి వచ్చే ఒక పెద్దమనిషి రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చారు. ఫారడే విన్నదంతా బొమ్మలతో సహా శుభ్రంగా రాసి, తనకు వచ్చిన బైండింగు విద్యతో పుస్తకంగా కుట్టి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అక్కడే సహాయకుడిగా ఉద్యోగం దొరికింది.

ఆ ఏడాదే డేవీ దంపతుల వెంట యూరప్ యాత్రకు వెళ్ళాడు. దారిలో డేవీ భార్య అతన్ని నౌకరుగానే చూసింది. ఆ అవమానం బాధించినా దిగమింగుకున్నాడు. మిలాన్‌లో సాక్షాత్తు వోల్టానే కలుసుకున్నాడు.

1821లో కరెంటు పారే తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశారు. నేటి మోటార్లకు అదే మూలం. ఆ ఆలోచన మరొకరిదన్న నింద వచ్చింది. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆయన పేరు వచ్చినప్పుడు అడ్డుపడింది గురువైన డేవీయే! అయినా ఎన్నికయ్యారు. గురువు మీద గౌరవం మాత్రం తగ్గనివ్వలేదు.

కరెంటుతో అయస్కాంతశక్తి వస్తున్నప్పుడు, అయస్కాంతంతో కరెంటు ఎందుకు రాదు? ఈ ప్రశ్న ఆయన్ను ఏళ్ళ తరబడి వెంటాడింది. 1831 ఆగస్టు 29న ఒక ఇనుప కడియానికి రెండు వైపులా వేర్వేరు తీగలు చుట్టారు. ఒక చుట్టను బ్యాటరీకి కలిపిన క్షణంలో రెండో చుట్ట దగ్గరి సూది కదిలింది. తీసేసినప్పుడు మళ్ళీ కదిలింది. మధ్యలో చలనం లేదు. అంటే మార్పు ఉంటేనే కరెంటు పుడుతుంది! అక్టోబరులో తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోసి, లాగి కరెంటు పుట్టించారు. నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రంలో తిరిగే జనరేటర్లదీ ఇదే సూత్రం.

ఉన్నత గణితం ఆయనకు రాదు. అందుకని ఊరుకోలేదు. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను పేరుకునే తీరు చూసి, కంటికి కనబడని బలరేఖలను ఊహించారు. చాలామంది పండితులు వాటిని పట్టించుకోలేదు. జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ అనే యువకుడు వాటిని గణితంలోకి తెచ్చాడు. అంతా లెక్కల్లో తేల్చినవారు దాన్నే మామూలు మాటల్లో కూడా చెప్పకూడదా అని 1857లో ఫారడే అతనికి ఉత్తరం రాశారు.

మాటల విషయంలో ఆయనకు అంత పట్టింపు. కరెంటు ద్రావణాలను విడగొట్టే తీరు వివరించడానికి పదాలు లేకపోతే, కేంబ్రిడ్జి పండితుడు విలియం హ్యూయెల్‌ను అడిగారు. 1834 నాటికి గ్రీకు మూలాల నుంచి ఆనోడ్, కాథోడ్, అయాన్ వచ్చాయి. అయాన్ అంటే నడిచేది అని అర్థం. మన సెల్‌ఫోన్‌లోని లిథియం అయాన్ బ్యాటరీ పేరులో ఉన్న అయాన్ అదే. జెనీవా దగ్గర సెర్న్‌లో 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టించి, 2012లో హిగ్స్ కణాన్ని కనుగొన్నట్టు ప్రకటించారు. ఆ ప్రోటాన్లను వలయంలో తిప్పిన అయస్కాంతాల లెక్కకూ ఫారడే ఊహ, మాక్స్‌వెల్ గణితమే ఆధారం.

ఆయన ప్రయోగాల దినచర్యలో వరుస సంఖ్యలు వేసిన పేరాలు పదహారు వేలకు పైమాటే. ఫలించనివి కూడా అందులో ఉన్నాయి. 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాల్లో పందొమ్మిది పర్యాయాలు తానే పిల్లలకు పాఠం చెప్పారు. నడివయసులో జ్ఞాపకశక్తి దెబ్బతిన్నా పని మానలేదు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి వద్దన్నారు. 1867 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారమే ఆడంబరం లేకుండా హైగేట్ శ్మశానంలో సమాధి చేశారు.

పిల్లలూ! లెక్కలు రావనో, తెలుగు ఒత్తులు రావనో మీరు దిగులుపడిన రోజున ఈ బైండింగు కుర్రవాణ్ణి తలచుకోండి. ఒక అయస్కాంతం మీద కాగితం పరిచి, పైన ఇనుప రజను చల్లి చూడండి. కనబడింది బొమ్మ గీసి, కింద రెండు వాక్యాలు తెలుగులో రాసి మా దగ్గరకు తీసుకురండి. తప్పులుంటే కలిసి దిద్దుకుందాం.