హెన్రీ పిడింగ్‌టన్: బంగాళాఖాతపు తుపాను పోకడను ఓడవాళ్లకు నేర్పిన కెప్టెన్

వాతావరణ బులెటిన్లలోనూ పాఠ్యపుస్తకాలలోనూ నిత్యం కనిపించే 'సైక్లోన్' అనే మాటను పుట్టించింది కలకత్తాలో స్థిరపడిన ఒక మాజీ ఓడ కెప్టెన్. ఆయన పేరు హెన్రీ పిడింగ్‌టన్. 1848లో అచ్చయిన ఆయన పుస్తకంతో ఆ మాట ఓడరేవులకు, అక్కడి నుంచి లోకమంతటికీ చేరింది. అయితే ఆయన జీవితాన్ని ఒక్క మాటతో కొలవడం అన్యాయం. నడిసముద్రంలో గాలివానకు చిక్కిన ఓడకు తుపాను కేంద్రం ఏ దిక్కున ఉందో, ఎటు తప్పుకోవాలో తెలుసుకునే ఉపాయాన్ని సామాన్య నావికుడి చేతికి అందించడం ఆయన చేసిన అసలు పని. తీరాన్ని ముంచే ఉప్పెన గురించి పాలకులకు ఆయన చేసిన హెచ్చరిక మాత్రం ఎవరి చెవికీ ఎక్కలేదు.

పిడింగ్‌టన్ 1797లో ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో జన్మించారు. చిన్న వయసులోనే వర్తక నౌకల్లో చేరి కెప్టెన్ హోదాకు ఎదిగారు. హిందూ మహాసముద్రం, చైనా సముద్రాలు ఆయనకు చిరపరిచితాలు. తరువాత ఓడ దిగి బెంగాల్‌లో స్థిరపడ్డారు. ఒక రంగానికి కట్టుబడి ఉండే స్వభావం ఆయనది కాదు. భారతదేశపు మొక్కల పేర్లతో 1832లో ఒక సూచిక ప్రచురించారు. నేలలు, ఖనిజాలు, వ్యవసాయంపై వ్యాసాలు రాశారు. కలకత్తాలోని ఆర్థిక భూగర్భశాస్త్ర ప్రదర్శనశాలకు క్యూరేటర్‌గా పనిచేశారు. ఓడ ప్రమాదాలపై విచారణ జరిపే నౌకా న్యాయస్థానానికి అధ్యక్షత వహించారు. తుపానుల అధ్యయనానికి బాగా పనికివచ్చిన అనుభవం బహుశా ఈ చివరిదే.

ఓడల చిట్టాల నుంచి తుపాను పటం

గాలివాన అంటే ఒకే దిక్కుగా దూసుకువచ్చే గాలి అని అప్పట్లో చాలామంది నావికులు తలచేవారు. అది ఒక కేంద్రం చుట్టూ తిరుగుతూ, తిరుగుతూనే ముందుకు సాగే సుడి అని అమెరికాలో విలియం రెడ్‌ఫీల్డ్, బ్రిటిష్ సైనిక ఇంజనీరు విలియం రీడ్ వాదించారు. రీడ్ గ్రంథం 1838లో వెలువడింది. వాళ్లు ప్రధానంగా పరిశీలించింది అట్లాంటిక్ తుపానులను. ఆ సూత్రం బంగాళాఖాతానికి ఎంతవరకు వర్తిస్తుందో తేల్చే పనిని పిడింగ్‌టన్ భుజాన వేసుకున్నారు.

ఆయన పద్ధతి నేటి కళ్లకు చాలా సాదాగా కనిపిస్తుంది. తుపాను దాటిపోయాక రేవుకు చేరిన ప్రతి ఓడ నుంచీ రోజువారీ చిట్టా తెప్పించుకునేవారు. ఏ గంటకు గాలి ఏ దిక్కు నుంచి వీచింది, బారోమీటరులో పాదరసం ఎంత దిగింది, ఓడ ఎక్కడ ఉంది అన్న వివరాలన్నీ ఒకే పటంపైకి ఎక్కించేవారు. పది ఓడలు పది చోట్ల నమోదు చేసిన గాలులను కలిపి చూస్తే, ఏ ఒక్క కెప్టెనూ చూడలేని తుపాను ఆకారం బయటపడేది. టెలిగ్రాఫ్ లేని కాలమది. అన్ని చిట్టాలు చేతికి రావడానికే నెలలు పట్టేది. 1839 జూన్‌లో బంగాళాఖాతంలో వచ్చిన తుపానుపై తొలి వ్యాసం రాసిన ఆయన, దాదాపు పదిహేనేళ్లలో ఇరవైకి పైగా వ్యాసాలను బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురించారు.

అదే ఏడాది నవంబరులో గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగిపై తుపాను విరుచుకుపడింది. ఓడల నిర్మాణానికి పేరుపడ్డ ఆ రేవు ఆ దెబ్బ నుంచి కోలుకోలేకపోయింది. మృతులు మూడు లక్షలు అనే అంకె నేటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. జనాభా లెక్కలే లేని కాలంలో ఆ సంఖ్య ఎలా వచ్చిందో అడిగేవారు తక్కువ. కోరంగి కథను పిడింగ్‌టన్ అంతకుముందు నాటి ఉప్పెనతో కలిపి చూశారు. 1789 డిసెంబరులో మూడు మహా కెరటాలు ఒకదాని వెంట ఒకటి ఆ ఊరిపైకి వచ్చాయి. లంగరు వేసి ఉన్న నౌకలు కొట్టుకుపోయాయి. దాదాపు 20,000 మంది చనిపోయారని నాటి కథనాలు చెబుతాయి. ఈ ఉదంతాన్ని ఆయన తన పుస్తకంలో చేర్చారు. తుపాను గాలితో చంపే దానికన్నా నీటితో చంపేది ఎక్కువన్న సంగతి ఆయనకు కోరంగి వంటి తీరాల చరిత్ర నుంచే బోధపడింది. 1977 నవంబరులో దివిసీమను చూసినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1844 నవంబరులో సైనికులతో కలకత్తాకు వస్తున్న రన్నీమీడ్, బ్రిటన్ అనే రెండు నౌకలు అండమాన్ సముద్రంలో ఒకే తుపానులో చిక్కుకున్నాయి. ఒకటి ఇంగ్లండు నుంచి, మరొకటి ఆస్ట్రేలియా నుంచి వస్తోంది. ఒకదాని ఉనికి మరొకదానికి తెలియదు. ఉప్పెన నీరు ఎత్తి పడవేయడంతో రెండూ పగడపు దిబ్బలను దాటి ఒకే దీవి ఒడ్డున, కూతవేటు దూరంలో తేలాయి. తెల్లవారాక గాని ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. సముద్రం మామూలు మట్టంలో ఉండి ఉంటే రెండు ఓడలూ దిబ్బలకు కొట్టుకుని తునాతునకలయ్యేవి.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మారిషస్ దగ్గర చార్లెస్ హెడిల్ అనే నౌకకు ఎదురైన అనుభవం మరీ విచిత్రం. గాలికి వీపు చూపి పరుగెత్తించడమే క్షేమమని దాని కెప్టెన్ నమ్మారు. ఐదు రోజులు ఓడ అలాగే పరుగెత్తింది. గాలి దిక్కు మాత్రం గడియారపు ముల్లులా తిరుగుతూనే ఉంది. చిట్టాను పటంపై గీసి చూసిన పిడింగ్‌టన్‌కు అసలు విషయం తెలిసింది. ఆ ఓడ తుపాను కేంద్రం చుట్టూ మళ్లీమళ్లీ ప్రదక్షిణం చేసింది. వెయ్యి మైళ్లకు పైగా నడిచి, అందులో మూడో వంతు దూరమైనా ముందుకు పోలేదు. తుపాను ఒక సుడి అన్న వాదానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం దొరకదు.

కొమ్ము పలక

పండితుల పత్రికలో వ్యాసాలు ఓడవాళ్లను కాపాడవు. ఈ గ్రహింపుతోనే ఆయన 1844లో ఒక చిన్న పుస్తకం, 1848లో దానిని విస్తరించి 'సెయిలర్స్ హార్న్‌బుక్' వెలువరించారు. హార్న్‌బుక్ అంటే పూర్వం ఇంగ్లండు పిల్లలు అక్షరాలు దిద్దిన పలక. మాసిపోకుండా దానిపై పల్చని కొమ్ము రేకు కప్పేవారు. మన మాటలో చెప్పాలంటే ఇది ఓడవాళ్ల బాలశిక్ష. పేరుకు తగ్గట్టే, సుడిగాలి దిక్కులు గీసిన రెండు పారదర్శకమైన కొమ్ము రేకులను దానితో జతచేశారు. ఉత్తరార్ధగోళానికి ఒకటి, దక్షిణార్ధగోళానికి ఒకటి. కెప్టెన్ తన సముద్ర పటంపై రేకును ఉంచి, తనకు వీస్తున్న గాలి దిక్కు ఓడ ఉన్న చోటికి సరిపడేలా జరిపితే, రేకు మధ్య బిందువు తుపాను కేంద్రాన్ని చూపేది.

రేకు లేకున్నా సూత్రం గుర్తుంటే చాలు. బంగాళాఖాతంలో తుపాను గాలులు అపసవ్యదిశలో తిరుగుతాయి. గాలికి ఎదురుగా నిలబడితే కేంద్రం కుడిచేతి వైపు ఉంటుంది. ఈశాన్యం గాలి వీస్తుంటే కేంద్రం ఆగ్నేయాన ఉన్నట్టు. ఓడను నిలిపి ఉంచి గమనిస్తే, గాలి ఈశాన్యం నుంచి తూర్పుకు, ఆగ్నేయానికి మళ్లుతుంటే ఓడ తుపాను మార్గానికి కుడి పక్కన ఉంది. అదే ఎక్కువ ప్రమాదకరమైన సగం. ఉత్తరానికి, వాయవ్యానికి మళ్లుతుంటే ఎడమ పక్కన ఉంది. గాలి దిక్కు మారకుండా బలం పెరుగుతూ, పాదరసం దిగుతూ ఉంటే తుపాను నేరుగా మీదికే వస్తోందని అర్థం. బయ్స్ బాలట్ పేరుతో నేడు పాఠాల్లో చెప్పే సూత్రం 1857 నాటిది. అంతకు దశాబ్దం ముందే బంగాళాఖాతపు నౌకల్లో ఈ లెక్క వాడుకలో ఉంది.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. గాలి కేంద్రం చుట్టూ సరైన వృత్తంలో కాక లోపలికి ఒరుగుతూ తిరుగుతుంది కాబట్టి, రేకు చూపే చోటికీ అసలు కేంద్రానికీ కొంత తేడా వచ్చేది. ఈ సంగతి పిడింగ్‌టన్ పూర్తిగా ఎరగనిది కాదు. కచ్చితమైన వృత్తమని చెప్పకుండానే తిరుగుడును సూచించే మాట కోసం ఆయన గ్రీకు భాషలో వెతికారు. చుట్టను, పాము మెలికను స్ఫురింపజేసే పదం నుంచి సైక్లోన్ పుట్టింది. మరో లోపం పెద్దది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. బారోమీటరు, సముద్ర పటం ఉన్న ఓడలకే అది పనికివచ్చింది. తెప్పలపై వేటకు పోయే మత్స్యకారులకు ఆకాశపు రంగు, అలల పోటు తప్ప వేరే ఆసరా చాలా కాలం దొరకలేదు.

మట్లా ఒడ్డున రేవు

1850ల ఆరంభంలో హుగ్లీ నది పూడిపోతోందని కలకత్తా వర్తకులు ఆందోళన చెందారు. ప్రత్యామ్నాయంగా సుందర్బన్ అంచున, మట్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలన్న ఆలోచన బలపడింది. నది లోతుగా ఉంది, సముద్రం దగ్గర. సముద్రం దగ్గర కావడమే ముప్పు అని పిడింగ్‌టన్ భావించారు. 1853లో గవర్నర్ జనరల్ డల్హౌసీకి బహిరంగ లేఖ రాసి, కరపత్రంగా అచ్చువేయించారు. తుపాను వచ్చిన రోజున ఉప్పునీటి కొండ ఒకటి వేగంగా పైకి వచ్చి, ఊరంతటినీ 5 నుంచి 15 అడుగుల లోతున ముంచుతుందని అందులో హెచ్చరించారు. పని ఆగలేదు. వైస్రాయి కానింగ్ పేరిట 1860లలో రేవు, పట్టణం, కలకత్తా నుంచి రైలు మార్గం సిద్ధమయ్యాయి. అవేవీ చూడకుండానే పిడింగ్‌టన్ 1858 ఏప్రిల్‌లో కలకత్తాలో మరణించారు.

1864 అక్టోబరు 5న కలకత్తాను తాకిన తుపానులో అర లక్షకు పైగా ప్రజలు చనిపోయారు. హుగ్లీలోని ఓడలు ఒకదానిపై ఒకటి పడ్డాయి. ఆ తరువాతే ప్రభుత్వం కదిలింది. 1865లో కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో నేడు ఎగురవేసే నంబరు హెచ్చరికలకు పూర్వరూపం ఆ ఏర్పాటే. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇప్పుడు అలల ఎత్తు, గాలి వేగం, ఉప్పెన అంచనాలను మత్స్యకారుల ఫోన్లకే చేరవేస్తోంది.

పోర్ట్ కానింగ్ వంతు 1867 నవంబరు 1న వచ్చింది. బంగాళాఖాతపు లెక్కలో అది పెద్ద తుపానేమీ కాదు. ఉప్పెన దాదాపు ఆరడుగుల ఎత్తున వచ్చింది. పిడింగ్‌టన్ రాసిన కనిష్ఠ అంకెకు కాస్త పైన. జెట్టీలు, గోదాములు, రైలు కట్టడాలు దెబ్బతిన్నాయి. కొన్నేళ్లకే ప్రభుత్వం రేవును వదిలేసింది. కానింగ్ ఇప్పుడు సుందర్బన్‌కు వెళ్లేవారు రైలు దిగే పట్టణం. మట్లా నది అక్కడ మేటలు వేసింది. కలకత్తా రేవు ఇప్పటికీ హుగ్లీ మీదే నడుస్తోంది.