మీర్‌జుమ్లా - గండికోట ఫిరంగులు

జమ్మలమడుగు చెంత పెన్నానది లోయపై నిలిచిన గండికోటను 1650లో పెమ్మసానివారినుండి గైకొన్న మీర్‌జుమ్లా పారసీకమునందలి అర్దిస్తానులో జనించి, వజ్రవ్యాపారముచే ధనికుడై, గోలకొండ సుల్తానునకు మంత్రియైనవాడు. కోటను జయించిన యీతడు ఫిరంగిగొట్టమును మాత్రము జయింపలేకపోయెను.

గొట్టము నిడివియంతయు సమముగా నుండిననే గుండు గురి జేరును. దేవాలయములనుండి తెప్పించిన రాగివిగ్రహములను గరగించి యిరువది ఫిరంగులు పోయుమని యాతడు మాయే యను ఫ్రెంచివానిని నియమించెను. 1652లో గండికోటకు వచ్చిన టావెర్నియే వ్రాతనుబట్టి, ఒకటి పగిలెను, వేరొకటి యసంపూర్ణముగా నిలిచెను, ఒక్కటియు బనికిరాలేదు. మాయే కొలువు విడిచిపోయెను. మీర్‌జుమ్లాయు పిదప మొగలుకొలువున జేరి, అస్సాము దండయాత్రనుండి మరలుచు 1663లో మరణించెను.

లోహమును బలిమిచే దేవచ్చును, పనితనమును దేరాదు. ప్రజల మనస్సు నొప్పించి కూర్చిన రాగి కోటకు రక్ష కాజాలదని మేము తలంతుము.