కిక్రీ పాటను కాగితానికెక్కించిన హైమన్‌డార్ఫ్

ఆదిలాబాద్ గోండుల పాటలను, పురాణాలను ప్రపంచానికి తెలియజేసిన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించారు. మానవశాస్త్రం చదివి, నాగా కొండల తెగలను పరిశీలించడానికి 1936లో భారతదేశం వచ్చారు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన వద్ద ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. దాంతో ప్రభుత్వం ఆయనను నిజాం సంస్థానం దాటి వెళ్లనీయలేదు. ఆ నిర్బంధమే గోండులకు మేలు చేసింది.

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు. గిరిజనుల కష్టాలకు కారణమేమిటో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి ఏర్పడింది. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయి చేరి, గుడిసెలో కాపురముండి, గోండుల భాష నేర్చుకున్నారు.

గోండుల వంశగాథలు గోండుల నోట కంటె పర్ధానుల నోటనే ఎక్కువగా నిలిచి ఉన్నాయని ఆయన గమనించారు. పెర్సాపేన్ పూజకు, పెండ్లికి, చావుకు పర్ధాన్ అతిథిగా వస్తాడు. మూడు తీగల కిక్రీని కమానుతో వాయిస్తూ, ఆ ఇంటివారి వంశకథను పాడతాడు. ఇంట్లో మాట్లాడేది మరాఠీ అయినా పాడేది గోండీలోనే. ప్రతిఫలంగా ధాన్యం, పశువులు, డబ్బు అందుకుంటాడు. పాట గోండులది, దాచి ఉంచినది పర్ధాన్.

గుహలో బందీలైన దేవతలను పహండి కుపార్ లింగాల్ విడిపించిన కథ వంటివాటిని హైమన్‌డార్ఫ్ పర్ధానుల ద్వారా సేకరించారు. అవి 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండులపై వెలువడిన ఆయన ఆంగ్ల గ్రంథంలో చేరాయి. తరతరాలుగా నోటి నుండి నోటికే సాగిన కథకు అక్షరరూపం లభించింది.

గోండు పిల్లలు తమ భాషలోనే చదువుకోవాలని 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ప్రారంభింపజేశారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. గోండులకు భూమి పట్టాలు ఇవ్వాలని కూడా ఆయన ప్రభుత్వానికి గట్టిగా చెప్పారు.

తరువాత లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులైనా ఆయన మార్లవాయిని మరువలేదు. 1970 దశకంలో తిరిగి వచ్చి చూస్తే, పట్టాలిచ్చిన భూములు అనేకం బయటివారి చేతుల్లోకి పోయి ఉన్నాయి. 1979 నాటి తన గ్రంథంలో ఆ సంగతి రాశారు. ఇది ఒక్క సాగు సమస్య కాదు. భూమి పోయిన ఇంట గింజలు తగ్గుతాయి. గింజలు లేని ఇంటికి పర్ధాన్ వచ్చినా ఇచ్చేదేముంటుంది? అతడు రాకుంటే వంశకథ వినిపించేదెవరు?

బెట్టీ 1987 జనవరిలో హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమెను మార్లవాయిలోనే ఖననం చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమన్‌డార్ఫ్ అస్థికలను 2012లో తెచ్చి భార్య సమాధి పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి దంపతులకు నివాళులర్పిస్తున్నారు.

ఆయన గ్రంథంలో కథ పదిలంగా ఉంది. కిక్రీ స్వరం పుస్తకంలో దొరకదు. పర్ధాన్ పెద్దల వద్ద కూర్చుని పిల్లలు నేర్చుకుంటేనే అది మిగులుతుంది.