మోతాదు విలువ తెలిపిన వైద్యుడు

మీ ఇంట నర్సింగ్ చదివే బిడ్డ ఉంటే విలియం విథరింగ్ (1741-1799) గురించి చెప్పండి. ఈయన ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో వైద్యుడు. ఒళ్ళంతా నీరు పట్టిన రోగులకు ఒక వృద్ధురాలు ఇచ్చే కషాయం గురించి 1775లో కొందరు ఆయన్ను అడిగారు. అందులోని ఇరవైకి పైగా మూలికలలో పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ ఆకేనని ఆయన గ్రహించారు.

అయితే మోతాదు మించితే ఆ ఆకే విషం. వాంతులవుతాయి, వస్తువులు పసుపుగా కనిపిస్తాయి, నాడి మందగిస్తుంది, ప్రాణమే పోవచ్చు. పదేళ్ళు ఓపికగా గమనించి, విఫలమైన చికిత్సలను కూడా దాచకుండా 1785లో గ్రంథం వెలువరించారు.

ఆ మొక్క జాతి నుండి వచ్చినదే నేటి గుండె మందు డిగాక్సిన్. అది ఇచ్చే ముందు నర్సు గుండె చప్పుడును నిండు నిమిషం లెక్కించాలి. పెద్దవారికి 60కి తగ్గితే సాధారణంగా మందు ఆపి డాక్టరుకు తెలపాలి. ఎంత పని ఒత్తిడి ఉన్నా ఆ నిమిషాన్ని వదలవద్దని మీ బిడ్డకు చెప్పండి.