బుర్రకథ పితామహుడు షేక్ నాజర్: ఒకే గొంతులో రెండు సంగీతాలు



ఫిబ్రవరి అంటే మన ఇళ్లలో ప్రీ ఫైనల్స్, రివిజన్ టైమ్‌టేబుళ్లు, వచ్చే ఏడాది ఫౌండేషన్ బ్యాచ్‌ల గురించిన చర్చలు. ఇదే నెలలో 5వ తేదీన పుట్టి, ఇదే నెలలో 22వ తేదీన కన్నుమూసిన ఒక గాయకుడి గురించి ఈసారి మీకు చెప్పాలనుకున్నాం. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో పెరుగుతున్న మన పిల్లల్లో ఆయన పేరు విన్నవాళ్లు చాలా తక్కువ. కానీ ఊరి నుంచి వచ్చి మీ దగ్గర ఉంటున్న తాతయ్యనో నానమ్మనో అడిగి చూడండి. షేక్ నాజర్ అనగానే వాళ్ల ముఖంలో వెలుగు కనిపిస్తుంది.

దూది ఏకే ఇంట్లో పుట్టిన గొంతు

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. తండ్రి షేక్ మస్తాన్, తల్లి బీనాబీ. వాళ్లది దూదేకుల కుటుంబం. విల్లు లాంటి పనిముట్టుతో దూదిని ఏకి పరుపులకు, దిండ్లకు సిద్ధం చేయడం ఆ కులవృత్తి. మతం ఇస్లాం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఊళ్లో అందరితో కలిసి బతుకుతూనే, అటూ ఇటూ కూడా పూర్తిగా తమవాళ్లని అనిపించుకోని జనం వాళ్లు. వీళ్లనే పింజారులని కూడా అంటారు.

ఆ పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. తెలుగులో ఆ మాటను తిట్టుగా వాడే అలవాటు ఇప్పటికీ పోలేదు. సినిమాల్లో వింటాం, కోపంలో ఇంట్లోనూ నోరు జారుతుంటాం. కష్టపడి దూది ఏకి బతికే మనుషుల వృత్తి పేరు తిట్టు ఎలా అయిందో ఎవరూ ఆలోచించరు. నాజర్ మాత్రం ఆలోచించారు. పెద్దవయసులో తన జీవితకథను అంగడాల వెంకట రమణమూర్తి గారికి చెప్పి రాయించినప్పుడు, ఆ పుస్తకానికి పెట్టిన పేరు ‘పింజారి’. లోకం ఎగతాళిగా విసిరిన మాటనే అట్ట మీద వేసుకుని తలెత్తుకు నిలబడ్డారు.

ఫీజు కట్టిన చేయి

చిన్న వయసులోనే నాజర్ గొంతు ఊరివాళ్ల దృష్టిలో పడింది. పాట ఇష్టమే, కానీ నేర్పించే స్తోమత ఇంట్లో లేదు. అప్పుడు కొమ్మినేని బసవయ్య అనే పెద్దమనిషి ముందుకొచ్చి, తన నాటక సమాజం తరఫున ఆ కుర్రాడికి మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర సంగీతం నేర్పించారు. ఒక ముస్లిం పేదపిల్లవాడు శాస్త్రీయ సంగీత పాఠాలకు కూర్చోవడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. నేర్పిన గురువుకూ, పంపిన బసవయ్యకూ పిల్లవాడి గొంతే అర్హతగా కనిపించింది.

తర్వాత తెనాలి బాలరత్న సమాజంలో చేరి నాటకాలు వేశారు. ద్రోణుడు, భీముడు, అశ్వత్థామ వంటి వేషాలతో పాటు మీరాబాయి వేషం కూడా కట్టారు. స్త్రీ పాత్రలను మగవాళ్లే ధరించే కాలం అది. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు గారు ఆ వేషాలతోనే దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఒకరోజు భీముడిగా గర్జించి, ఇంకోరోజు మీరాగా కరిగిపోవాలంటే గొంతు ఎంత వంగాలో ఊహించండి.

పద్యనాటకానికి ప్రాణం హార్మోనియం. 1840లలో పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ పేటెంటు తీసుకున్న ఆ పెట్టె, కాలక్రమంలో మన రంగస్థలం మీదికి వచ్చి మనదే అయిపోయింది. రాగం ఎత్తుకోవాలన్నా, పద్యం చివర సాగదీయాలన్నా హార్మోనిస్టు శ్రుతి ఇవ్వాల్సిందే. అలా నాజర్ ఒకవైపు గురువు దగ్గర సరళీస్వరాల క్రమశిక్షణను, మరోవైపు నాటక రంగపు రాగాల జోరును ఒంటబట్టించుకున్నారు.

ఇలా రెండు దారుల సంగీతం ఒకే మనిషిలో కలవడం మన దగ్గరే కాదు, లోకమంతటా జరిగింది. మీ పిల్లలు కీబోర్డు నేర్చుకుంటుంటే ‘ది ఎంటర్‌టైనర్’ అనే ముక్క వాయిస్తుండగా మీరు వినే ఉంటారు. దాన్ని 1902లో ప్రచురించినవాడు స్కాట్ జోప్లిన్ అనే అమెరికా నల్లజాతి సంగీతకారుడు. పియానో పాఠాలు పద్ధతిగా నేర్చుకుని, తన వాళ్ల నాట్యాల లయను ఆ పియానో మీదికి ఎక్కించాడు. దాన్నే రాగ్‌టైమ్ అన్నారు. నాజర్ చేసింది మరో రకంగా అలాంటి పనే. నేర్చుకున్న రాగజ్ఞానాన్ని పల్లె కథ మీదికి తెచ్చారు.

ముగ్గురు మనుషులు, ఒక తంబూర

బుర్రకథ చూడని పిల్లలకు దాన్ని ఇలా చెప్పవచ్చు. వేదిక మీద ముగ్గురుంటారు. మధ్యలో కథకుడు. తలపాగా, పొడవాటి అంగరఖా, కాళ్లకు గజ్జెలు, భుజం మీద తంబూర, చేతికి అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల దగ్గర గుమ్మెటలు. కథకుడు పాడుతూ, అడుగులు వేస్తూ, వచనం చెబుతూ కథ నడుపుతాడు. వంతలు తందాన తాన అంటూ వంత పాడతారు. ఒకరు హాస్యం పండిస్తారు, రెండోవారు మధ్యలో ప్రశ్నలు వేసి కథను నేటి రాజకీయానికి, ఊరి సంగతులకు ముడిపెడతారు.

అంటే కథకుడు ఏకకాలంలో గాయకుడు, నటుడు, నర్తకుడు, వక్త. అందెలు తప్పకూడదు, అడుగు తప్పకూడదు, శ్రుతి తప్పకూడదు, కథ దారి తప్పకూడదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు నిద్రపోకూడదు. ప్రెజెంటేషన్ స్కిల్స్ అని మనం ఇప్పుడు వర్క్‌షాప్‌లు పెట్టి నేర్పే పాఠాలన్నీ అందులో ఉన్నాయి.

జంగం కథలు, శారద కథలు చెప్పే సంచార గాయకుల నుంచి వచ్చిన ఈ కళ 1940లలో కొత్త రూపం తీసుకుంది. ప్రజానాట్యమండలి అనే కళాకారుల సంఘం దాన్ని ప్రజల సమస్యలు చెప్పే సాధనంగా మలిచింది. కొండపనేని బలరామ్, వేములపల్లి శ్రీకృష్ణ వంటివారి ప్రోత్సాహంతో నాజర్ అందులోకి వచ్చారు. అప్పటిదాకా నేర్చుకున్నదంతా అక్కడ అక్కరకొచ్చింది. శాస్త్రీయ సంగీతం గమకాన్నిచ్చింది, నాటకం అభినయాన్నిచ్చింది, పేదరికం చెప్పాల్సిన విషయాన్నిచ్చింది.

1943లో బెంగాల్ కరువు వచ్చింది. దాదాపు 30 లక్షల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా. ఆ కరువును నాజర్ బుర్రకథగా చెప్పారు. పత్రిక చదవలేని రైతుకూ కూలీకీ ఎక్కడో ఉన్న బెంగాల్ ఆకలి ఆ కథలోనే వినిపించింది. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయన గొంతులో ఊరూరా తిరిగాయి. ప్రహ్లాదుడి కథ చెప్పిన ఆ ముస్లిం కళాకారుడే క్రీస్తు కథ కూడా చెప్పారు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టిన చాపకూడు ఘట్టం ఉంది. పింజారి అనే మాట పడిన మనిషి నోట ఆ ఘట్టం వినడంలో ఎంత బరువు ఉందో మీరే ఆలోచించండి.

పాటకు భయపడిన ప్రభుత్వాలు

ఈ కథలు ఎంతగా జనంలోకి వెళ్లాయంటే, మద్రాసు రాష్ట్రంలో బ్రిటిష్ ప్రభుత్వం, ఇక్కడ హైదరాబాద్ రాజ్యంలో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. ఈ రోజు మనం ఐటీ కారిడార్ అని పిలుచుకుంటున్న ఈ నేల అప్పుడు ఆ నిజాం రాజ్యంలోనిదే. ఒక తంబూర, రెండు గుమ్మెటలు, మూడు గొంతులు. వీటికి ప్రభుత్వాలు భయపడ్డాయంటే కళకు ఎంత బలముందో పిల్లలకు వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఆడపిల్లల తల్లిదండ్రులు గమనించాల్సిన సంగతి మరొకటి. మీరాబాయి వేషం మగవాళ్లు కట్టిన ఆ తరంలోనే, మోటూరి ఉదయం గారు ప్రజానాట్యమండలిలో మహిళల బుర్రకథ దళాన్ని నడిపించారు. ఆడవాళ్లు గజ్జె కట్టి రాజకీయ కథ చెప్పడాన్ని ఊళ్లు మొదట వింతగా చూశాయి, తర్వాత చెవి ఒగ్గి విన్నాయి.

స్వాతంత్ర్యం తర్వాత సినిమా కూడా నాజర్‌ను పిలిచింది. డాక్టర్ గరికపాటి రాజారావు దర్శకత్వంలో 1953లో వచ్చిన ‘పుట్టిల్లు’లో ఆయన బుర్రకథ ఉంది. జమున గారి తొలి సినిమా అదే. 1954లో ఎన్.టి. రామారావు, భానుమతి నటించిన ‘అగ్గిరాముడు’లో నాజర్ బృందం చెప్పిన అల్లూరి సీతారామరాజు కథను ఆ తరం వాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆయన నాటకం కూడా రాశారు. ‘ఆసామి’ నాటకానికి పోటీల్లో ప్రథమ బహుమతి వచ్చింది. ఎందరో శిష్యులకు బుర్రకథ నేర్పారు. జనం ఆయన్ని బుర్రకథ పితామహుడని పిలుచుకున్నారు. 1986లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరి 22న, 77 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మన ఇంటికి ఈ కథ ఎందుకు?

మీ పిల్లలు బుర్రకథ కళాకారులు కావాలని చెప్పడం మా ఉద్దేశం కాదు. మీ అమ్మాయో అబ్బాయో ఇంజనీరు అవుతారో, డాక్టరు అవుతారో అది మీరూ వాళ్లూ కలిసి తేల్చుకునేది. అయితే చాలా ఇళ్లలో ఒక విషయం జరుగుతోంది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మొదట ఆగిపోయేది సంగీతం క్లాసు. తర్వాత నాటకం. ఆ తర్వాత తెలుగులో నాలుగు మాటలు ధారాళంగా మాట్లాడటం. టైమ్‌టేబుల్‌లో చోటు లేదనే మాట నిజమే. కానీ పదమూడేళ్ల పిల్లవాడి గొంతులో ఏముందో ఎవరూ వినకముందే ఆ తలుపు మూసుకుపోతోంది. పొన్నెకల్లులో ఆ కుర్రాడి పాటను ఎవరూ పట్టించుకోకపోయి ఉంటే మనకు నాజర్ ఉండేవారు కాదు. కొమ్మినేని బసవయ్య గారు చేసింది పెద్ద పనేమీ కాదు. విన్నారు, గురువు దగ్గరకు పంపారు.

ఈ విషయంలో మనం ఆయనకన్నా మెరుగైన స్థితిలో ఉన్నాం. మనకు ఫీజు కట్టే స్తోమత ఉంది. వినే తీరికే తక్కువ.

ఇంకో మాట కూడా ఉంది. పిల్లలు తరగతిలో ఒకరినొకరు ఏడిపించుకునేటప్పుడు వాడే మాటల్లో కొన్ని కులాల పేర్లు, వృత్తుల పేర్లు ఉంటాయి. వాళ్లకు అర్థం తెలియదు. ఎక్కడో విని అనేస్తారు. అలాంటి మాట మీ చెవిన పడిన రోజు కసురుకుని ఊరుకోకుండా, నాజర్ తన పుస్తకానికి ఏ పేరు పెట్టుకున్నారో, ఎందుకు పెట్టుకున్నారో చెప్పండి. పదేళ్ల పిల్లలకు అది బాగానే అర్థమవుతుంది.

ఈ నెల మీరు చేయగలిగినవి

ఒక ఆదివారం ‘అగ్గిరాముడు’లోని బుర్రకథను ఇంటిల్లిపాదీ కలిసి చూడండి. తంబూర ఎవరి భుజం మీద ఉంది, హాస్యం ఎవరు చెబుతున్నారు, ప్రశ్నలు ఎవరు వేస్తున్నారు అని పిల్లలతో గుర్తుపట్టించండి.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, వాళ్లు చిన్నప్పుడు చూసిన ప్రదర్శన గురించి పిల్లల చేత అడిగించండి. మీది తెలంగాణ పల్లె అయితే ఒగ్గు కథ, చిందు యక్షగానం జ్ఞాపకాలు బయటికొస్తాయి. కోస్తా అయితే బుర్రకథ, హరికథ. ఆ మాటలను ఫోన్‌లో రికార్డు చేసి దాచండి. పదేళ్ల తర్వాత వాటి విలువ మీకే తెలుస్తుంది.

హైటెక్ సిటీ పక్కనే శిల్పారామం ఉంది. మాల్‌కు వెళ్లే వారాల్లో ఒక వారం అక్కడికి మళ్లించండి. జానపద ప్రదర్శన ఉన్న రోజైతే ముందు వరసలో కూర్చోండి.

మీ పిల్లలు కీబోర్డు నేర్చుకుంటుంటే, పరీక్షకు వాయించే ముక్కలతో పాటు నానమ్మకు తెలిసిన ఒక పాటను కూడా పట్టుకోమనండి. నానమ్మ పాడాలి, పిల్ల శ్రుతి వెతుక్కోవాలి. నోట్స్ కాగితం ఉండదు కాబట్టి చెవినే నమ్ముకోవాలి. మొదట్లో ఇద్దరికీ కుదరదు. ఒక వారం ఓపిక పట్టండి.

వచ్చే నెల తెలుగు అసెంబ్లీలో ఆరు, ఏడు తరగతుల పిల్లలు ముగ్గురేసి చొప్పున పది నిమిషాల బుర్రకథ చెప్పబోతున్నారు. కథ వాళ్లే ఎంచుకుంటారు. చెరువుల గురించి కావచ్చు, ట్రాఫిక్ గురించి కావచ్చు. మీ ఇంట్లో గజ్జెలుంటే పంపండి. వీలైతే మీరూ వచ్చి వినండి.